గోన బుద్ధారెడ్డి - అవిభక్త ధనము

అన్నదమ్ములు వేరుపడునపుడు పొలమునకు గెట్టు పడును. ఇంటి నడుమ గోడ లేచును. పశువులు లెక్కకు వచ్చును, పాత్రలు తూకమునకు వచ్చును. పంపకపు కాగితము ముగియువేళకు ప్రతి వస్తువును ఒకరి పేరనో మరియొకరి పేరనో చేరును. అయినను పంచుటకు లొంగనివి కొన్ని ప్రతి యింటను మిగిలియే యుండును. ఊటబావి అట్టిది. బావిని రెండుగా కోయుట యెవరికిని సాధ్యము గాదు. దానికి వంతులు మాత్రమే ఏర్పడును. ఒకనాడు అన్న చేనికిని, మరునాడు తమ్ముని చేనికిని నీరు పారును. మాటలు నిలిచిపోయిన అన్నదమ్ములు సైతము పూడిక తీయవలసిన యేట ఆ బావిగట్టున కలిసికొనక తప్పదు.

మన ధర్మశాస్త్రకారులు ఈ సంగతిని చక్కగా గ్రహించిరి. పంచరాని వస్తువులను లెక్కించుచు మనువు కట్టుబట్టను, ఎక్కు వాహనమును, వండిన యన్నమును, నీటిని, పశువులు నడచు బాటను పేర్కొనెను. చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమున మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు, పిత్రార్జితమునకు నష్టము లేకుండ విద్యవలన సంపాదించిన ధనము సోదరుల భాగములలోనికి రాదని తీర్పు చెప్పెను. ఆ శాస్త్రమును 13వ శతాబ్దమున కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. అనగా విద్యాధనము సంపాదించినవాని సొంతము. దానిని ఉమ్మడిలో కలుపవలసిన బాధ్యత వానికి లేదు.

ఆ 13వ శతాబ్దముననే మన పాలమూరు సీమలో ఒక ప్రభువు తన విద్యాధనమును తాను అట్టిపెట్టుకొనలేదు. దానిని తన తండ్రి పేర వ్రాసెను. ముగియక మిగిలిన భాగమును తన కుమారుల కిరువురకు కలిపి అప్పగించెను. ఆ ధనము పొలము గాదు, కోట గాదు, బంగారము గాదు. అది ఒక గ్రంథము. ఆ ప్రభువు గోన బుద్ధారెడ్డి, ఆ గ్రంథము రంగనాథ రామాయణము. గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో స్మరింపదగిన మన ప్రాంతపు పూర్వులలో ఆయనను మొదట నిలుపుట ఉచితమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వంశము, సీమ

నాగర్‌కర్నూలు జిల్లా బిజినేపల్లి మండలమున నందివడ్డెమాను అను గ్రామము కలదు. నేడు శనైశ్చరుని ఆలయమువలన ఆ యూరు పలువురకు తెలిసియున్నది. జ్యేష్ఠాదేవీ సమేతుడైన శనైశ్చరుని సేవించుటకు దూరప్రాంతముల వారును అచటికి వత్తురు. వచ్చిన వారిలో ఈ వడ్డెమానే ప్రాచీనమైన వర్ధమానపురమనియు, గోనవారి రాజధాని యనియు ఎరిగినవారు కొలదిమంది. కల్యాణి చాళుక్యుల యేలుబడిని, కందూరు చోడుల యేలుబడిని చూచిన ఈ సీమ తరువాత కాకతీయుల సామ్రాజ్యమున చేరినది. 1199 మొదలు 1262 వరకు ఓరుగంటిని పాలించిన గణపతిదేవుడును, 1262 నుండి 1289 వరకు పాలించిన రుద్రమదేవియు, ఆమె వెనుక 1323 వరకు రాజ్యము చేసిన ప్రతాపరుద్రుడును దక్షిణ పశ్చిమపు సరిహద్దుల రక్షణమునకు నమ్మిన సామంత కుటుంబములలో గోనవారి దొకటి.

సరిహద్దు సీమలో పుట్టినవానికి కత్తి మొదటి విద్య. కృష్ణ కావల దేవగిరి యాదవుల ఒత్తిడి, తుంగభద్ర యొడ్డున ఎప్పుడును చేతులు మారు కోటలు, నడుమ మెట్టపొలముల మీద బ్రతుకు ప్రజలు - ఇట్టి చోట సామంతుడు సంవత్సరమున కొన్ని మాసములు గుఱ్ఱము మీదనే గడపవలసి యుండును. అట్టి కుటుంబమున విఠలనాథుడను ప్రభువు వెలసెను. ఆయన కుమారుడే బుద్ధారెడ్డి. తండ్రి విఠలుడు, కొడుకు బుద్ధయ, మనుమడు మరల విఠలుడు. తాత పేరు మనుమనికి పెట్టుట మన యిండ్లలో నేటికిని నిలిచియున్న యాచారము. ఒక పేరు ఒక తరము దాటి మరల ఇంట వినబడుట కూడ ఒక విధమైన ఉమ్మడి సొత్తే గదా.

బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక. ఆమెను మల్యాల వంశమున పుట్టిన గుండ దండాధీశునకు ఇచ్చి వివాహము చేసిరి. మహబూబ్‌నగరు జిల్లాలోని భూత్పూరు ప్రాచీన శాసనములలో బుద్ధపురము. భర్త మరణించిన పిదప కుప్పాంబిక ఆ బుద్ధపురమున ఆయన పేర గుండేశ్వరుని ప్రతిష్ఠించి 1276లో శాసనము వేయించెను. ఆమెను తెలుగున తొలి కవయిత్రిగా సాహిత్య చరిత్రకారులు పలువురు గౌరవింతురు. తండ్రి కవి, కుమార్తె కవయిత్రి, కుమారు లిరువురును కవులు. కత్తి పట్టిన యింట గంటమునకు ఇంతటి మన్నన దొరకుట అరుదు.

తండ్రి యాజ్ఞ

విఠలనాథుడు రామకథయందు మిక్కిలి ప్రీతిగలవాడు. రామాయణమును తెనుగున తన పేర చెప్పుమని ఆయన తన కుమారుని ఆజ్ఞాపించెను. బుద్ధారెడ్డి ఆ యాజ్ఞను శిరసావహించెను. బాలకాండము మొదలు యుద్ధకాండము వరకు ఆరు కాండములను ద్విపదలో రచించి, ప్రతి కాండమును తండ్రి పేరనే నిలిపెను. 17 వేలకు పైబడిన ద్విపదలు గల మహాగ్రంథమది. నేడు మనకు దొరకుచున్న తెలుగు రామాయణములలో దీనినే మొదటిదిగా పండితులు పెక్కుమంది ఎంచుదురు.

విఠలుని పేరుగల గ్రంథమునకు రంగనాథుని పేరెట్లు వచ్చెనను ప్రశ్న సహజము. పండరిపురమున వెలసిన విఠలుడే పాండురంగడు గనుక విఠలనాథునికిని రంగనాథునికిని భేదము లేదని కొందరు సమాధానము చెప్పిరి. రంగనాథుడను వేరొక కవియే దీనిని రచించెనని తలచిన పండితులును కలరు. కావ్యములోని కాండాంత వాక్యములు బుద్ధారెడ్డినే కర్తగా పేర్కొనుచున్నవి గనుక పలువురు విమర్శకులు ఆయన పక్షమునే అంగీకరించిరి. ఒక మనుష్యుడు తన శ్రమఫలమును తండ్రి పేర వ్రాసినందున, తన పేరు మరుగుపడి వాదమునకు గురియైనది. ఆ నష్టమును ఆయన యెరిగియే భరించెనని మనము భావింపవచ్చును. తన స్వార్జితమును ఉమ్మడి ఖాతాకు ఎక్కించువాడు ఆ క్షణమునుండి దాని మీద తన యొక్కని పేరును ఆశింపడు.

ద్విపదను ఎన్నుకొనుటలోనే ఆయన మనస్సు తెలియుచున్నది. ఆ కాలపు పండితులకు మార్గకవిత్వము మీద, చంపువు మీద మక్కువ యెక్కువ. శివకవియైన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో చెప్పి సామాన్యుని చెవికి కవిత్వమును చేర్చియుండెను. బుద్ధారెడ్డి రామకథకు అదే బాటను పట్టెను. ద్విపదయనగా రెండు పాదములు. ఒక్కొక్క పాదమున మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. మూడవ గణము మొదట యతి. రెండు పాదములకును రెండవ యక్షరము ఒక్కటిగా ఉండవలెను. అదియే ప్రాస. ప్రాసను విడిచినచో దానిని మంజరి యందురు. రెండు పాదములకు వేరువేరు నడకలున్నను, వేరువేరు మాటలున్నను, ఉమ్మడిగా ఉన్న ఆ ఒక్క యక్షరమే వానిని జంటగా నిలుపును. ఇది పాడుటకు సులభము, జ్ఞప్తియందుంచుకొనుటకు సులభము. చదువురాని వాడును వినివిని వల్లించుకొనగలడు.

కావ్యమున సోదరులు

వాల్మీకిని అనుసరించియే బుద్ధారెడ్డి కథ నడపెను. అయినను జనుల నోట నానిన కథలను ఆయన త్రోసివేయలేదు. శూర్పణఖ కుమారుడైన జంబుమాలి కథ, కాలనేమి కథ, ఇంద్రజిత్తు భార్యయైన సులోచన సహగమనము, సేతువు కట్టునపుడు ఇసుక రేణువులు మోసిన ఉడుత భక్తి, బాల్యమున రామునివలన కాలు విరిగిన మంథర పగ - ఇవన్నియు ఆయన కావ్యమున చోటు చేసికొన్నవి. మంథర పగకు కారణము చెప్పుటవలన ఆమెయు మనుష్యురాలే యని చదువరికి తోచును. రావణునియందును శౌర్యము, విద్య మొదలైన గుణములను కవి మరుగుపరుపలేదు.

మన ప్రస్తుతమునకు కావలసినది మరియొక యంశము. రామాయణమంతయు అన్నదమ్ముల కథ. ఆ సోదరుల నడుమ ఎప్పుడును ఒక వస్తువో, ఒక రాజ్యమో నిలిచియుండును. అయోధ్య సింహాసనము భరతునికి దొరికినది. ఆయన దానిని ముట్టలేదు. చిత్రకూటమునకు పోయి అన్న పాదుకలను శిరస్సున ధరించి తెచ్చి, నందిగ్రామమున వానిని సింహాసనమున నిలిపి, 14 సంవత్సరములు వాని పక్షమున రాజ్యము నడపెను. పాదుకలు ధరించుటకు పనికివచ్చు వస్తువులు. భరతుడు వానిని ధరింపలేదు, రామునికి అడవిలో అవి లేవు. ఇరువురిలో ఎవరికిని వాడుకకు రాని ఆ కొయ్య పాదుకలు ఇరువురి నడుమ రాజ్యమును చెడకుండ కాపాడెను.

కిష్కింధలో ఇందుకు విపరీతము జరిగినది. వాలి బిలమునుండి తిరిగివచ్చి, సింహాసనమున నున్న తమ్ముని చూచి, అపహరణమని తలచెను. మంత్రులు కూర్చుండబెట్టిరని సుగ్రీవుడు చెప్పిన మాట అతని చెవి కెక్కలేదు. ఒక్క మాట వినని దోషమున ఇరువురు సోదరులకును శాంతి లేకపోయెను. వాలిసుగ్రీవుల కథకును రామభరతుల కథకును భేదము ఒక్కటే. సింహాసనము రెండుచోట్లను ఒకరు లేనప్పుడు మరియొకరి చేతిలో పడినదే. ఒకచోట అది అప్పగింతగా ఉండెను, మరియొకచోట అది ఆక్రమణగా కనబడెను.

సంపాతి జటాయువుల కథయు ఈ వరుసలోనిదే. సూర్యుని దాక ఎగురవలెనను ఉత్సాహమున తమ్ముడు కాలిపోవుచుండగా అన్న తన రెక్కలను వానిపై కప్పెను. తమ్ముడు బ్రతికెను, అన్న రెక్కలు కాలిపోయెను. వారికి రాజ్యము లేదు, సొమ్ము లేదు. ఉన్న రెక్కలనే ఉమ్మడి చేసికొనిరి.

మిగిలిన కాండము

బుద్ధారెడ్డి యుద్ధకాండముతో నిలిపెను. రాముడు పట్టాభిషిక్తుడైన శుభఘట్టమున కథను ముగించుట మన పురాణ పఠనమునకు అనుకూలమైన పద్ధతియే. ఉత్తరకాండము మిగిలెను. అది కష్టమైన కాండము. సీతను విడుచుట, లక్ష్మణుని విడుచుట, రాముని నిర్యాణము - ఇవి చెప్పుటకు కవికి గుండె దిటవు కావలెను. ఆ శతాబ్దముననే నెల్లూరి మనుమసిద్ధి యాస్థానమున తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణమును రచించెను. ఆయన పూర్వకథను విడిచి ఉత్తరకథను మాత్రమే చేపట్టెను. రామనిర్యాణమును ఆయనయు చెప్పలేదు. ఆ భాగమును తరువాత జయంతి రామభట్టు పూరించెను. మన బుద్ధారెడ్డి పూర్వకథను చెప్పి ఉత్తరకథను విడిచెను. ఒకే యుగమున ఇద్దరు మహాకవులు ఆ దుఃఖఘట్టమున గంటము నిలుపుట గమనింపదగినది.

బుద్ధారెడ్డి తన పనిని కుమారులకు అప్పగించెను. కాచవిభుడు, విఠలరాజు అను ఆ సోదరులు తండ్రి యాజ్ఞ మేరకు ఉత్తర రామాయణమును అదే ద్విపద ఛందస్సున ఇరువురును కలిసి రచించిరి. వారిలో ఏ ద్విపద అన్నదో, ఏ ద్విపద తమ్మునిదో కావ్యమున గుర్తు లేదు. గెట్టు పెట్టని పొలమువలె అది నేటికిని నిలిచియున్నది.

ఇచట ఒక విషయమును చదువరులు నిదానించి చూడవలెను. ఉత్తరకాండము మొదటినుండి కడవరకు అన్నదమ్ముల ఆస్తి వ్యవహారమే. విశ్రవసునకు ఇద్దరు భార్యలయందు పుట్టిన కుబేర రావణులలో పెద్దవాడు కుబేరుడు. లంక ఆయనది. రావణుడు తనకు కావలెనని కబురంపగా, తండ్రి సలహా మేరకు కుబేరుడు లంకను విడిచి కైలాసమునకు పోయెను. రావణుని ఆశ అంతటితో తీరలేదు. అచటికిని పోయి అన్నను ఓడించి పుష్పక విమానమును తెచ్చుకొనెను. బలవంతముగా తెచ్చిన ఆ సొమ్ము రావణుని యింట నిలువలేదు. యుద్ధానంతరము రాముడు పుష్పకమును కుబేరునికి పంపివేసెను. కుబేరుడు దానిని తిరిగి రామునికే పంపెను. లాగుకొన్నవాని చేత నిలువని వస్తువు, ఇచ్చివేసినవాని వద్దకు తానై వచ్చినది.

కాండము చివర మరియొక పంపకము జరుగును. అది రఘువంశపు పంపకము. భరతుని కుమారులలో తక్షునికి తక్షశిల, పుష్కలునికి పుష్కలావతము వచ్చెను. లక్ష్మణుని కుమారులైన అంగద చంద్రకేతులకు వేరువేరు పురములు కట్టించి యిచ్చిరి. శత్రుఘ్నుని కుమారులలో ఒకనికి మధుర, మరియొకనికి విదిశ. కుశునికి కుశావతి, లవునికి శ్రావస్తి. నలుగురు అన్నదమ్ముల యెనిమిదిమంది కుమారులకును ఎనిమిది చోటులు. ఎవరును తగవులాడలేదు. లక్ష్మణుని విడిచిన పిదప రాముడు అయోధ్యను భరతునికి ఈయబూనగా, భరతుడు రెండవమారును దానిని వలదనెను. మొదట చిత్రకూటమున వలదన్న మనుష్యుడు ముదిమియందును ఆ మాటనే నిలుపుకొనెను. పంపకము తప్పు గాదని, పంపకమునకు ముందు మనస్సులు వేరుపడుటయే తప్పని ఆ ఘట్టము తెలుపుచున్నది.

ఇక లక్ష్మణ పరిత్యాగము. కాలపురుషునితో రాముడు ఏకాంతముగా మాటలాడునపుడు లోనికి వచ్చినవానికి వధ శిక్ష. ద్వారమున నిలిచినవాడు లక్ష్మణుడు. దుర్వాసుడు వచ్చి, తక్షణము తన రాక తెలుపకున్న వంశమునే శపింతునని బెదరించెను. అందరికంటె తానొక్కడు పోవుటయే మేలని లక్ష్మణుడు లోనికి నడచెను. సత్పురుషులకు పరిత్యాగమే వధతో సమానమను నిర్ణయమున రాముడు తమ్ముని విడిచెను. లక్ష్మణుడు సరయూ తీరమునకు పోయెను. పుట్టినది మొదలు ఒకరి నీడను ఒకరు విడువని ఆ జంట ఇట్లు విడిపోయెను. ఈ ఘట్టమును వర్ధమానపురమున ఇరువురు సోదరులు ప్రక్కప్రక్కన కూర్చుండి తెలుగు చేసిరి. ఏ మాట ఎవరు అందించిరో, ఎచట ఎవరి గంటము ఆగెనో ఊహించుటకు ప్రతి సోదరునికిని తన యింటి యనుభవమే చాలును.

తండ్రి ఈ కాండమును తానే పూర్తి చేసియున్నచో కుమారులకు ఒక గ్రంథము దక్కియుండును. పూర్తి చేయక మిగిల్చినందున వారికి ఒక పని దక్కినది. పూర్తియైన వస్తువు చేతికి వచ్చినపుడు మనకు తోచు మొదటి ప్రశ్న, ఇది ఎవరిదని. పూర్తికాని వస్తువు వచ్చినపుడు తోచు ప్రశ్న, మిగిలినది ఎవరు చేయుదురని. మొదటి ప్రశ్న యింటిని చీల్చును. రెండవ ప్రశ్న యింటిని ఒకచోట కూర్చుండబెట్టును. గ్రామపు లెక్కలు వ్రాయు పనిలో తల నెరసిన నేను పంపకపు కాగితములు ఎన్నియో చూచితిని. ఎకరముల దగ్గర సర్దుకొన్న అన్నదమ్ములు గట్టుమీది వేపచెట్టు దగ్గర చెడిపోవుట చూచితిని. ఆ చెట్టు పెరిగి యుండెను. దానిమీద చేయవలసిన పని యేదియు మిగులలేదు, నరుకుట తప్ప. పూడిక తీయవలసిన బావి దగ్గర మాత్రము వారే తట్టలు అందుకొనిరి.

నిలిచినవి

గోనవారి కత్తి కూడ సామాన్యమైనది గాదు. గద్వాలకు పడమట, కృష్ణాతుంగభద్రల నడుమ, మన నడిగడ్డకు ప్రక్కననే రాయచూరు కోట యున్నది. ఆ కోటగోడయందు 40 అడుగులకు పైబడిన పొడవుగల ఒక రాతిపలక మీద 1294 నాటి శాసనము చెక్కియున్నది. గన్నారెడ్డి సేవలోనున్న విఠలనాథుడు ఆదవాని, తుంబళము, మానువ, హాలువ కోటలను గెలిచి, రాయచూరున ఈ దుర్గమును కట్టించెనని ఆ శాసనము చెప్పుచున్నది. అది ప్రతాపరుద్రుని కాలము. అంతటి రాతిని బండిపై నెక్కించి లాగి తెచ్చిన తీరు సైతము అచట గోడపై బొమ్మలుగా చెక్కిరి. ఈ గోన గన్నారెడ్డి పేరు అడవి బాపిరాజుగారి నవలవలన ఆంధ్రదేశమంతటను వ్యాపించినది. 2015లో వచ్చిన రుద్రమదేవి చలనచిత్రమువలన నేటి పిల్లలకును పరిచితమైనది.

కాని కాలము చేసిన లెక్కను చూడుడు. రాయచూరు కోట కాకతీయుల చేతినుండి బహమనీలకు, విజయనగరమునకు, విజాపురమునకు మారిమారి పోయెను. దానికై జరిగిన యుద్ధములలో 1520లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచినది ప్రసిద్ధము. గోనవారి రాజ్యమా, 1323లో ఓరుగల్లు పడినంతట దాని యాధారము పడిపోయెను. వర్ధమానపురము వడ్డెమానై చిన్న పల్లెగా మిగిలెను. కోట వలె చేతులు మారక, రాజ్యము వలె కూలక నిలిచినది తండ్రికొడుకులు ముగ్గురును కలిసి పెట్టిన ఆ ఒక్క ధనము.

అది నిలిచిన విధమును తెలియదగినది. తాటాకు ప్రతి వంద సంవత్సరములకో, రెండు వందల సంవత్సరములకో శిథిలమగును. ఎవరో ఒకరు కూర్చుండి మరల వ్రాయవలెను. వ్రాయించినవారి పేరు చివర నుండును గాని గ్రంథము వారిది కాదు. ఇట్లు తరతరముల లేఖకులు తమ వంతు నడపిరి. మరియొక ప్రక్క తోలుబొమ్మలాటవారు దీనిని తమ నోట నిలుపుకొనిరి. తెర వెనుక దీపము వెలిగించి, మేకతోలు బొమ్మలను ఆడించుచు, రాత్రి తెల్లవార్లును వారు పాడిన రామకథకు ఈ ద్విపదలే ఆధారము. ఆ యాటలో భార్యాభర్తలు, అన్నదమ్ములు, పిల్లలు అందరును కలిసి పాల్గొందురు. ఒకరు రాముని ఆడింతురు, ఒకరు రావణుని ఆడింతురు. బొమ్మల పెట్టె మాత్రము ఇంటికంతకు ఒక్కటే. అక్షరము రాని వారి ముంగిట ఆ కావ్యము ఇట్లు శతాబ్దముల తరబడి మెలగినది. పిదప అచ్చుయంత్రము వచ్చి దానిని పుస్తకరూపమున మన చేతికి ఇచ్చినది.

ఇట్టి పుస్తకములకు నేడు గ్రంథాలయమే ఉమ్మడి యిల్లు. గ్రంథాలయపు పుస్తకమునకు భాగములు లేవు, వంతులే యున్నవి. నేడు నాగలి దించి వచ్చిన రైతు చదివి యిచ్చినదానిని రేపు వాని తమ్ముని కూతురు తీసికొనిపోవును. గోడమీద తగవుండి మాటలాడని రెండిండ్ల వారి పేర్లు ఒకే పుస్తకపు చీటీమీద ఒకదాని క్రింద నొకటి వ్రాయబడుట అచటనే చూతుము. వారు ఒకరినొకరు పలుకరింపకున్నను, ఒకరు ముట్టిన పుటలను మరియొకరు ముట్టిరి. ఈ చిన్న యుపకారమును గ్రంథాలయము మాటలేకుండ చేయును.

25 సంవత్సరముల క్రిందట ఒక్కొక్క పుస్తకము తెచ్చి యిచ్చినవారు, బల్లకు కొయ్య యిచ్చినవారు, గోడకు సున్నము వేసినవారు బుద్ధారెడ్డి కావ్యములోని ఉడుతవలె తమ రేణువును తాము మోసిరి. వారిలో కొందరు నేడు లేరు. వారు మనకు విడిచినది నిండిన భాండాగారము గాదు. ఖాళీ అరలు నేటికిని కొన్ని యున్నవి. చినిగిన పుస్తకములు కుట్టవలసి యున్నవి, పట్టికలో కొన్ని పుటలు తిరిగి వ్రాయవలసి యున్నవి. కాచవిభునికి, విఠలరాజునకు తండ్రి మిగిల్చిన ఉత్తరకాండమును తలచుకొన్నచో ఆ ఖాళీ అరలు కొరతగా తోచవు. అవి మన వంతు.